మామిడి మొద్దు మీద ఎర్రటి గొడుగులు: మందు కొట్టాలా?

ప్రశ్న: రెండేళ్ల కింద గాలివానకు కూలిన మామిడి మొద్దు తోటలోనే పడి ఉంది. ఈ వానలకు దాని మీద మోదుగుపూల రంగులో పుట్టగొడుగులు లేచాయి. నల్లమల అంచున మేకలు తోలుకెళ్లినప్పుడు ఎండు దుంగల మీద కూడా ఇవే చూశాను. విషపువా? మిగతా చెట్లకు పాకుతాయా? ఏం మందు కొట్టాలి? ఫొటోలు పంపుతున్నాను.
– మామిడి రైతు, కొల్లాపూర్ మండలం

జవాబు: మోదుగుపూలతో మీరు పోల్చడం బాగా కుదిరింది. ఫొటోలను బట్టి ఇది పిక్నోపోరస్ సాంగ్వినియస్ అనే పుట్టగొడుగు. లాటిన్‌లో రెండో మాటకు నెత్తురు రంగు అని అర్థం. దీనికి కాడ ఉన్నా లేనట్టే. విసనకర్రలా పక్కనుంచి మొద్దుకు అతుక్కుని ఉంటుంది. మందం కొద్ది మిల్లీమీటర్లే. ఒకటి పెరికి వంచి చూడండి, చెప్పు తోలులా ఉంటుంది. తిరగేస్తే మామూలు పుట్టగొడుగుకు ఉండే రేకులు కనపడవు, సూదితో పొడిచినట్టు సన్నటి రంధ్రాలుంటాయి. ఎండకూ వానకూ ముదిరేకొద్దీ పైరంగు వెలిసిపోతుంది.

ఇది చచ్చిన కట్టెను తిని బతికేది. కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను కరిగిస్తుంది, అందుకే మొద్దు లోపల తెల్లబారి పీచుపీచుగా మారుతుంది. పచ్చని చెట్టు మీద పడి చంపదు. మందు కొట్టి డబ్బులు పోగొట్టుకోవద్దు. కూరకు మాత్రం పనికిరాదు.

రంగు చూసి విషం తేల్చే అలవాటు మనవాళ్లకు ఎక్కువ. పొలాల్లో, గడ్డిలో వచ్చే ఒక తెల్ల గొడుగు చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, ముదిరాక అడుగు రేకులు ఆకుపచ్చకు తిరుగుతాయి. అది తింటే కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. వెండి నాణెం వేసి ఉడికించి చూడటం, పసుపు కలిపి చూడటం లాంటి పరీక్షలు నమ్మొద్దు. తెలియని గొడుగు ఇంటికి తేకపోవడమే మేలు.

ఇక అసలు సంగతి. మీ రెండో ఫొటోలో మొద్దు వెనక నిలబడ్డ చెట్టుకు ఒక ఎండు కొమ్మ కనిపిస్తోంది. నాకు ఈ గొడుగుల కంటే అదే టెన్షన్. కొమ్మ చీల్చి చూడండి. లోపల గోధుమ రంగు చారలుంటే, బయట జిగురు కారుతుంటే ఎండు తెగులు. వాన తెరిపిచ్చిన రోజు, మూడు నాలుగు అంగుళాల పచ్చి భాగం కలిపి కోసేసి కాల్చేయండి. అలాగే బతికున్న చెట్టు మొదట్లో, నేలకు ఆనుకొని, వార్నిష్ పూసినట్టు మెరిసే గోధుమ రంగు గొడుగు ఉందేమో చూడండి. అది గానోడెర్మా, వేర్లు కుళ్లుతున్న గుర్తు. కనపడితే మొదలు దగ్గర ఫొటో తీసి పంపండి.

ఎండు కొమ్మ కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి. అర లీటరు నీళ్లలో 100 గ్రాముల మైలుతుత్తం, ఇంకో అర లీటరులో 100 గ్రాముల సున్నం విడివిడిగా కరిగించి కలపండి. ప్లాస్టిక్ బకెట్లే వాడండి, ఇనుపవి వద్దు. కలిపాక అందులో ఓ ఇనుప మేకు కాసేపు ముంచి తీయండి. మేకుకు ఎర్రటి పూత అంటితే సున్నం చాలలేదన్నమాట, ఇంకొంచెం వేసి మళ్లీ ముంచి చూడండి.