పర్జ్ వాల్వ్ (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజన్‌లోకి వదిలే వాల్వ్) కొత్తది వేసినా పి0443 కోడ్ మళ్ళీ వస్తోంది, తప్పు ఎక్కడుండొచ్చు?

వాల్వ్ మార్చి కోడ్ చెరిపేశాక, తాళం తిప్పిన కొద్ది సెకన్లకే చెక్ ఇంజన్ లైట్ మళ్ళీ వెలిగిందన్నారు కదా, అసలు ఆచూకీ అక్కడే ఉంది. పి0442, పి0455 లాంటి ఆవిరి లీకు కోడ్‌లు అంత తొందరగా రావు. చల్లారిన ఇంజన్ స్టార్ట్ చేసి, ట్యాంకు మరీ నిండుగా గానీ మరీ ఖాళీగా గానీ లేకుండా కొంత దూరం తిరిగితేనే ఇసిఎమ్ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఆ లీకు పరీక్ష పెట్టుకుంటుంది. పి0443 మాత్రం పర్జ్ వాల్వ్ సర్క్యూట్‌లో తేడా ఉందని చెప్పే కరెంటు కోడ్. వాల్వ్‌లోంచి ఆవిరి పోతోందా లేదా అన్నది దానికి పట్టదు. కాబట్టి ట్యాంకు మూత మార్చడం, పొగ పట్టించి లీకు వెతకడం దీనికి దండగ.

సర్క్యూట్ చిన్నదే. ఫ్యూజ్ మీదుగా ఒక పిన్‌కి 12 వోల్టులు వస్తాయి. రెండో పిన్ నుంచి కంట్రోల్ వైరు ఇసిఎమ్‌కి పోతుంది. ఇసిఎమ్ ఆ వైరును లోపల ఎర్త్‌కి కలుపుతూ వదులుతూ ఉంటే వాల్వ్ టకటకమంటుంది.

ముందు కొత్త వాల్వ్ కాయిల్‌నే కొలవండి, కొత్తదని నమ్మొద్దు. చల్లగా ఉన్నప్పుడు చాలావాటికి 20 నుంచి 30 ఓమ్‌లు ఉంటుంది. మీ బండి మాన్యువల్‌లో అంకె ఉంటే అదే ప్రమాణం. ఇంజన్ వేడి మీద కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది: 20 డిగ్రీల దగ్గర 26 ఓమ్‌లున్న కాయిల్ 100 డిగ్రీలకి 34 దాకా పోతుంది, అది చెడిపోయినట్టు కాదు. 3, 4 ఓమ్‌లే ఉంటే మాత్రం కనెక్టర్ పెట్టకండి, ఇసిఎమ్ మీద భారం పడుతుంది.

ఇక ఎక్కువమంది దెబ్బతినేది సప్లై దగ్గర. కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెడితే 12 చూపిస్తుంది, "సప్లై బాగుంది" అనేసుకుంటాం. మీటర్ దాదాపు కరెంటు లాగదు కాబట్టి వైరు ఒక్క పోగు మీద వేలాడుతున్నా 12 చూపిస్తుంది. మీటర్ బదులు 5 వాట్ల బల్బు పెట్టండి. అది సుమారు 0.4 ఆంపియర్ లాగుతుంది, కాయిల్ లాగేదీ దాదాపు అంతే. సప్లై పిన్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య బల్బు వెలిగించి, బల్బు కొసల దగ్గర వోల్టేజ్ చూడండి. దారిలో 10 ఓమ్‌ల తుప్పు ఉంటే 12 కాస్తా 9 లోపుకి పడిపోతుంది, బల్బు మసకబారుతుంది. అప్పుడు ఫ్యూజ్ కాళ్ళు, రిలే, జాయింట్లు చూసుకుంటూ వెనక్కి వెళ్ళడమే.

సప్లై బాగుంటే అదే బల్బును కనెక్టర్ రెండు పిన్‌ల మధ్యా పెట్టి, స్కానర్‌తో (కోడ్‌లు చదివే పరికరంతో) పర్జ్ ఆన్ చేయండి. మిణుకుమిణుకుమంటే ఇసిఎమ్, వైరు రెండూ పనిచేస్తున్నట్టే, వాల్వ్‌నో కనెక్టర్ పిన్‌లనో అనుమానించాలి. ఆన్ చేయకుండానే నిండుగా వెలుగుతుంటే కంట్రోల్ వైరు ఎక్కడో ఎర్త్ అవుతోంది. అలాంటప్పుడు పర్జ్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, పెట్రోలు పోయించుకున్న వెంటనే బండి స్టార్ట్ అవడానికి మొరాయిస్తుంది. అసలు వెలగకపోతే బ్యాటరీ నెగటివ్ తీసి, ఇసిఎమ్ కనెక్టర్ ఊడదీసి, కంట్రోల్ వైరు ఈ కొస నుంచి ఆ కొసకి 1 ఓమ్ లోపు ఉందో లేదో చూడండి. కొలుస్తూనే వైరింగ్‌ను బ్రాకెట్‌ల దగ్గర, ఇంజన్ కదిలే చోట ఊపండి. అంకె గంతులేసిన చోటే తెగుడు. ఇవన్నీ సరిగ్గా తేలాకే ఇసిఎమ్ వైపు వేలు చూపించాలి.

21 వాట్ల ఇండికేటర్ బల్బు మాత్రం వాడొద్దు. దాదాపు 1.75 ఆంపియర్ లాగి, ఇసిఎమ్ లోపల వైరును ఎర్త్‌కి కలిపే భాగాన్నే (డ్రైవర్) కాల్చేయొచ్చు. మీటర్ ముల్లును ఆడ పిన్‌లోకి దూర్చినా అది వెడల్పై, రేపు అదే కొత్త లూజ్ కాంటాక్ట్ అవుతుంది. కనెక్టర్ వెనక నుంచి సన్న సూదితో అందుకోండి.

రేపు పి0446 నుంచి పి0448 మధ్య ఏదైనా వస్తే అది వెంట్ సోలినాయిడ్ (ఆవిరి వ్యవస్థలోకి బయటి గాలిని రానిచ్చే వాల్వ్) కోడ్. పరీక్ష ఇదే, కాకపోతే ఆ వాల్వ్ సాధారణంగా ట్యాంకు దగ్గర బురదలో ఉంటుంది, కాబట్టి ముందు కనెక్టర్ విప్పి ఆకుపచ్చ తుప్పు పొడి పట్టిందేమో చూడండి. అక్కడ పెట్రోలు వాసన వస్తుంటే బల్బు ముట్టించకండి, అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. బండిని గాలాడే చోటికి తీసి, వాసన ఎక్కడిదో తేలాకే కరెంటు పని పట్టండి.