పొదుపు పాఠాలు పనిచేశాయా అంటే, ముందు ఏ నెలలో అడిగారో చెప్పండి

మీరు అడిగింది ఇదీ: మీ సంస్థ పొదుపు సంఘాల మహిళలకు ఇంటి లెక్కలు, అప్పులు, బ్యాంకు ఖాతాల మీద ఆరు వారాల తరగతులు పెడుతోంది, అవి పనిచేశాయని నిధులిచ్చిన వాళ్ళకు ఎలా చూపించాలి, తరగతులకు ముందొక సర్వే, తర్వాతొక సర్వే చేస్తే చాలదా అని. చాలదండీ. అచ్చం అలాంటి సర్వే కాగితాలు సంచిలో పెట్టుకుని ఖమ్మం జిల్లా ఊళ్ళల్లో తిరిగింది నేనే, ఆ అంకెలు కూడి రిపోర్టు రాసిందీ నేనే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది చిన్న సంస్థ, పేరెందుకు లెండి. 2016 ఆగస్టులో మొదటి సర్వే చేశాం. పాస్‌బుక్కులో ఎంత ఉంది, ఎవరి దగ్గర ఎంత అప్పుంది, నెలకు ఎంత దాస్తున్నారు, ఇలాంటి ప్రశ్నలు. ఆ తర్వాత తరగతులు. 2017 మార్చిలో అవే కాగితాలు పట్టుకుని మళ్ళీ వెళితే ఖాతాల్లో నిల్వలు బ్రహ్మాండంగా పెరిగి ఉన్నాయి. ఆఫీసులో స్వీట్లు పంచారు, నేనూ తిన్నాను.

ఇప్పుడు ఆ మధ్యలో ఏం జరిగిందో చూడండి. ఆగస్టు అంటే అక్కడ ఎవరి చేతిలోనూ డబ్బు ఆడని నెల, బడి ఫీజులు అప్పుడే కట్టి ఉంటారు, మిరప నారుకూ ఎరువులకూ పెట్టుబడి పోతూ ఉంటుంది. మార్చి అంటే మిరప కోతలు జోరుగా సాగే నెల, కూలికి పోయే ఇంట్లో రోజూ డబ్బు కనపడుతుంది. ఇది చాలదన్నట్టు మధ్యలో నవంబర్ 8న నోట్ల రద్దు వచ్చింది. పోపుల డబ్బాలో, బియ్యం డ్రమ్ములో, చీర మడతల్లో ఇంట్లో వాళ్ళకు తెలియకుండా దాచుకున్న 500, 1000 నోట్లన్నీ లైన్లో నిలబడి బ్యాంకుకు చేరాయి, తీసుకుందామంటే పరిమితులు, ఏటీఎంలు ఖాళీ, కాబట్టి చాలామంది డబ్బు ఖాతాలోనే ఉండిపోయింది. మా కాగితంలో దాని పేరు "పొదుపు పెరుగుదల". జరిగింది దాచిన చోటు మారడం, అంతే. కొందరు ఆడవాళ్ళకైతే అన్నేళ్ళ గుట్టు కూడా రట్టయింది, దానికి మా ఫారంలో గడి లేదు.

ఇదంతా నాకు ముందే తట్టిందని అనుకోకండి. రెండు ఊళ్ళల్లో మొదటి సర్వే అయ్యాక పాఠాలు చెప్పే అమ్మాయి పెళ్ళి కుదిరి మానేసింది, అక్కడ ఒక్క తరగతి కూడా జరగలేదు. కానీ మార్చిలో సర్వే వాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, వాళ్ళు అలవాటుగా ఆ ఊళ్ళకూ వెళ్ళి రాసుకొచ్చేశారు. ఒక రాత్రి అంకెలు ఎక్కిస్తూ చూస్తే పాఠాలు జరిగిన ఊళ్ళల్లో నిల్వ ఎంత పెరిగిందో, ఆ రెండు ఊళ్ళల్లోనూ దాదాపు అంతే పెరిగింది. మా సార్‌కు చూపించాను. "కార్యక్రమం జరగని ఊళ్ళు రిపోర్టులో ఎందుకమ్మా, తీసెయ్" అన్నారు. తీసేశాను. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గుగానే ఉంటుంది, ఎందుకంటే మొత్తం ఫైల్లో నిజం చెప్పిన కాగితాలు ఆ రెండు ఊళ్ళవే.

కథ అక్కడితో ఆగలేదు. ఆ ఏప్రిల్‌లో ఖమ్మం యార్డులో మిర్చి ధర కుప్పకూలి రైతులు తిరగబడ్డారు, పేపర్లలో చూసే ఉంటారు. అంతకుముందు ఏడాది మంచి ధర వచ్చిందని కౌలుకు తీసుకుని మరీ మిరప వేసినవాళ్ళు మునిగిపోయారు. జులైలో మేం మూడోసారి వెళ్ళేసరికి ఖాతాలు ఖాళీ, అప్పులు కొత్తవి. కొత్తగా వచ్చిన అధికారి "శిక్షణ ప్రభావం నిలవలేదు" అని రాశారు, మిగిలిన ఊళ్ళల్లో పాఠాలు చెప్పిన అమ్మాయికి కాంట్రాక్టు పొడిగించలేదు. మార్చిలో వచ్చిన పేరు ఆమె సంపాదించింది కాదు, జులైలో వచ్చిన నింద ఆమె చేసిన తప్పూ కాదు.

కాబట్టి ముందు, తర్వాత అన్న రెండు అంకెల పక్కన మూడోది ఒకటి ఉండాలి, పాఠాలు జరగని ఊళ్ళల్లో అదే కాలంలో ఏమైంది అన్నది. "మరి వాళ్ళకు పాఠాలు ఎగ్గొట్టడం అన్యాయం కదా" అని మీ వాళ్ళు అంటారు, మా వాళ్ళూ అన్నారు. ఎగ్గొట్టనక్కర్లేదండీ. ఇరవై ఊళ్ళకూ ఒకేసారి చెప్పేంత మంది మీ దగ్గర ఎలాగూ ఉండరు కదా, ఏ పది ఊళ్ళకు ముందు, ఏ పదికి ఏడాది తర్వాత అన్నది అందరి ముందూ చీటీలు వేసి తియ్యండి. చీటీ తీయడం మీద మన ఆడవాళ్ళకు ఎంత నమ్మకమో తెలుసుగా, ఎవరూ గొడవపడరు. సార్‌కు దగ్గరైన ఊరు, రోడ్డు బాగున్న ఊరు, లీడర్ చురుగ్గా ఉన్న ఊరు ముందు ఎంచుకున్నారో, మీ పోలిక అప్పుడే చెడిపోయింది, ఎందుకంటే ఆ ఊళ్ళు పాఠాలు లేకపోయినా బాగానే ఉండేవి.

ఇదేమీ మనకు తెలియని పద్ధతి కాదు, హైదరాబాద్‌లోనే జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అనే ఆర్థికవేత్తలు, వాళ్ళ సహచరులు 104 బస్తీలు తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం బస్తీల్లో ఒక సూక్ష్మ రుణ సంస్థను ముందు తెరిపించి, మిగతా సగంతో పోల్చారు. అది అప్పుల సంగతి, పాఠాల సంగతి కాదు, కానీ అలా పోల్చడం వల్ల లాభం చూడండి. అప్పు దొరికిన బస్తీల్లో ఇంటికి పనికొచ్చే పెద్ద వస్తువుల మీద ఖర్చు పెరిగింది, మొత్తం ఇంటి ఖర్చులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పోలిక లేకుండా అప్పు తీసుకున్న వాళ్ళను మాత్రమే అడిగి ఉంటే ప్రతి ఒక్కరూ "మా బతుకు మారింది" అనేవారు, పేపర్లో ఫోటో పడేది. కొన్నాళ్ళకు మిగతా సగం బస్తీల్లోకి కూడా అప్పులిచ్చేవాళ్ళు వచ్చేశారు, పోలిక పలచబడింది. మీకూ అదే జరుగుతుంది, పక్క ఊరికి వేరే సంస్థ వచ్చి ఇవే పాఠాలు చెప్పి పోతుంది, ఆ సంగతి కూడా రాసి పెట్టుకోండి.

రెండో సంగతి, ఇది నాకు మొదటిదానికంటే ముఖ్యం: దేన్ని కొలుస్తున్నారు? మేం పాస్‌బుక్కు నిల్వను కొలిచాం, ఎందుకంటే అది తేలిక. ఒక ఊళ్ళో ఒకావిడ (అందరూ పెద్దక్క అనేవారు) ఖాతాలో 20,000 దాకా ఉండేది, మార్చికి దాదాపు సున్నా. మా ఫారంలో ఆమె పేరు పక్కన "వెనుకబడింది" అని పడింది. అడిగితే నవ్వింది. "మీ పాఠాల్లోనే కదమ్మా చెప్పారు, బ్యాంకు నాకు ఏడాదికి నూటికి నాలుగు రూపాయలిస్తే, నేను షావుకారుకు నెలకు నూటికి మూడు కడుతున్నానని. తీసి కట్టిపారేశా." లెక్క వేసుకోండి: 20,000 మీద మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 600, ఏడాదికి 7,200. బ్యాంకులో అదే డబ్బుకు ఏడాదికి 800. మొత్తం ఊళ్ళో పాఠం నిజంగా పట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే కావచ్చు, మా కొలతలో మాత్రం ఫెయిల్. కాబట్టి పొదుపును విడిగా చూడకండి, పొదుపూ అప్పూ కలిపి చూడండి, అప్పు ఎంత అన్నది కాదు, ఎన్ని రూపాయల వడ్డీది అన్నది అడగండి. ఐదు రూపాయల వడ్డీ నుంచి సంఘం అప్పుకు మారిన మనిషికి అప్పు మొత్తం తగ్గకపోవచ్చు, ఊపిరి మాత్రం తిరుగుతుంది.

జ్ఞానం కొలిచే ప్రశ్నల గురించి ఒక మాట. ప్రపంచమంతా వాడే ప్రశ్న ఒకటుంది, లుసార్డి, మిచెల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు తయారుచేసింది: ఖాతాలో 100 ఉంది, ఏడాదికి 2 శాతం వడ్డీ, ఐదేళ్ళకు ఎంతవుతుంది, 102 కంటే ఎక్కువా, సరిగ్గా 102యా, తక్కువా? దీన్ని తెలుగులోకి మార్చి అడిగాం. ఒకామె వేళ్ళ మీద లెక్కపెట్టి 220 అంది. నూటికి రెండంటే నెలకు రెండు, ఏడాదికి 24, ఐదేళ్ళకు 120, అసలుతో 220. మన దగ్గర వడ్డీ అంటే నెలకే కదా, పావలా వడ్డీ అన్నా రూపాయి వడ్డీ అన్నా ఎవరూ ఏడాదికని అనుకోరు. 102 కంటే ఎక్కువ కాబట్టి ఆమెకు మార్కు పడింది. పక్కనున్నామె "ఎవరికిస్తున్నాం, నోటు రాయించుకున్నామా?" అని అడిగి, రాయించుకోలేదంటే "అయితే తిరిగొస్తే చూద్దాం" అంది. ఆమెకు సున్నా. నిజం చెప్పండి, ఇద్దరిలో డబ్బు గురించి తక్కువ తెలిసింది ఎవరికి? ప్రశ్నలు మీరే వాళ్ళ మాటల్లో రాసుకోండి: చీటీ మూడో నెలలోనే పాడుకుంటే చేతికెంతొస్తుంది, బంగారం తాకట్టు గడువు దాటితే ఏమవుతుంది, ఇలాంటివి.

ఇక అడిగే తీరు. పాఠం చెప్పిన మనిషే వెళ్ళి "నెలనెలా లెక్కలు రాస్తున్నారా?" అంటే రాస్తున్నామనే చెబుతారు, టీ ఇచ్చిన చేత్తో కాదని ఎలా అంటారు? వేరే వాళ్ళను పంపండి, లెక్కల పుస్తకం చూపించమనండి. పాస్‌బుక్కు చూడండి కానీ దాన్నే నమ్మకండి, చీటీలూ బంగారమూ పోపుల డబ్బా అందులో కనపడవు. భర్తా అత్తగారూ ఎదురుగా కూర్చుని ఉండగా దాచుకున్న డబ్బు గురించి అడగడం మూర్ఖత్వమే కాదు, ప్రమాదం కూడా. అలా అడిగిన రోజు సాయంత్రం ఒకింట్లో గొడవైందని తర్వాత తెలిసింది.

హాజరు విషయం చిన్నదే. ఆరు వారాలూ వచ్చిన వాళ్ళను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే మీకు మంచి ఫలితమే వస్తుంది, ఎందుకంటే ఆరు వారాలూ ఎవరొస్తారు, కాస్త తీరికా, ఇంట్లో మాట చెల్లుబాటూ ఉన్నవాళ్ళు. పిలిచిన అందరినీ లెక్కలో ఉంచండి.

అసలు ఇలాంటి పాఠాలు పనిచేస్తాయా అని కూడా అడిగారు. 2014లో ఫెర్నాండెస్, లించ్, నెటెమేయర్ అనే ముగ్గురు పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, మనుషుల డబ్బు నడవడిలో ఉండే తేడాల్లో పాఠాల వల్ల వచ్చింది 0.1 శాతమేనని తేల్చారు, నెలలు గడిచేకొద్దీ అదీ కరిగిపోతుందన్నారు. చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. 2022లో కైజర్, లుసార్డి బృందం లాటరీ పద్ధతిలో చేసిన 76 ప్రయోగాలు మాత్రమే తీసుకుని చూస్తే అంత నిరాశగా లేదు, తెలివిడి బాగా పెరుగుతోంది, నడవడి కూడా మారుతోంది కానీ అంతకంటే తక్కువగా. నేను చూసిందీ దీనికి దగ్గరగానే ఉంది. నాకు ఎక్కువ నచ్చింది డొమినికన్ రిపబ్లిక్‌లో చేసింది. అక్కడ చిన్న వ్యాపారస్తుల్లో కొందరికి పద్ధతిగా అకౌంటింగ్ నేర్పారు, కొందరికి ఊరికే గుర్తుంచుకునే సులువు సూత్రాలు చెప్పారు, దుకాణం డబ్బు ఒక సొరుగులో, ఇంటి డబ్బు ఇంకో సొరుగులో అన్నట్టుగా. మార్పొచ్చింది రెండో గుంపులో. అహ్మదాబాద్‌లో చేసిన ఇంకో ప్రయోగంలో వీడియో పాఠాలు ఒక్కటే చూపిస్తే నడవడి పెద్దగా కదల్లేదు, ఎవరి లక్ష్యం వాళ్ళతో పెట్టించి విడివిడిగా కూర్చుని సలహా చెబితే కదిలింది.

మీ ఆరు వారాల పాఠ్యాంశాలు చూశాను, ద్రవ్యోల్బణం మీద ఒక వారమంతా ఉంది. నన్నడిగితే అది తీసేసి, ఆ టైమ్‌లో ఒక్కొక్కరి అప్పుల చిట్టా కాగితం మీద వేయించి, ఏది ముందు తీర్చాలో పక్కన కూర్చుని చెప్పండి. చెప్పేది కూడా మిర్చి డబ్బు చేతికొచ్చే ముందు చెప్పండి, ఆగస్టులో చెబితే వినడానికి బాగుంటుంది, చేయడానికి చేతిలో ఏమీ ఉండదు.

పాఠాలు ఎప్పుడు పెట్టినా, మొదటి సర్వే ఏ నెలలో చేస్తే రెండోదీ అదే నెలలో చేయాలి, అంటే కనీసం ఏడాది. నిధులిచ్చే వాళ్ళు మార్చి 31 లోపు రిపోర్టు కావాలంటారు. ఆ గడువు సంగతి ఒప్పందం మీద సంతకం కాకముందే మాట్లాడుకోండి, అయ్యాక అడిగితే వినరు, మేం అడిగి చూశాం.