కాయ అడుగు నల్లబడుతోందా? ముందు డ్రిప్పర్ కింద గ్లాసు పెట్టండి

ప్రశ్న: టమాటా నాటి 70 రోజులైంది. బోరు నీళ్లు, డ్రిప్పుతో సాగు. కాయల అడుగు నల్లబడి గుంట పడుతోంది. లైన్ల చివర మరీ ఎక్కువగా ఉంది. కుళ్లు తెగులనుకుని రెండుసార్లు మందు కొట్టాను, తగ్గలేదు. డీలరు కాల్షియం లోపమని కాల్షియం నైట్రేట్ ఇచ్చారు. 12-61-0 భాస్వరం ఎరువుతో కలిపి మూడుసార్లు డ్రిప్పులో వదిలాక ఇంకా పెరిగింది. ఇప్పుడు ఏ మందు కొట్టమంటారు?

జవాబు: ఏ మందూ కొట్టకండి. ఇది తెగులు కాదు, కాబట్టి మీరు కొట్టిన ఆ రెండు మందులూ వృథా. కాయకు కాల్షియం అందడం లేదన్న మాట నిజమే కానీ, నేలలో కాల్షియం లేక కాదు, నీరు సరిగ్గా అందక. కాల్షియం నీటితోపాటే వేరు నుంచి పైకి పోతుంది. ఒకసారి ఆకులో చేరాక మళ్లీ కాయలోకి రాదు. పిందె దశలో నాలుగు రోజులు నీటి ఎద్దడి వస్తే చాలు, అడుగు భాగం దెబ్బతింటుంది.

లైన్ల చివరే ఎక్కువగా ఉందని మీరే రాశారు. తెగులైతే లైను మొదలు, చివర చూసుకుని రాదు. నా అనుమానం డ్రిప్పర్లు మూసుకుపోయాయని. కాల్షియం నైట్రేట్‌ను భాస్వరం ఎరువుతో ఒకే ట్యాంకులో కలపడం వల్ల అది ఇంకా ముదిరింది. రెండూ చెంచాడు చెంచాడు గ్లాసు నీళ్లలో కలిపి చూడండి. పాలు విరిగినట్టు తెల్లటి తునకలు అడుగుకు దిగుతాయి. మీరు మూడుసార్లు పైపుల్లోకి పంపింది అదే. ఎరువు అమ్మేటప్పుడు దేనితో కలపకూడదో చెప్పని సలహా సలహానే కాదు.

మోటారు వేసి ఒత్తిడి నిలకడ పడ్డాక లైను మొదట, మధ్యలో, చివర డ్రిప్పర్ల కింద గ్లాసులు పెట్టి సరిగ్గా 3 నిమిషాలు పట్టండి. గంటకు 4 లీటర్ల డ్రిప్పరైతే 200 మి.లీ. రావాలి. 180 కన్నా తగ్గితే శుద్ధి చేయాల్సిందే. తర్వాత చివరి డ్రిప్పర్‌ను బ్లేడుతో నిలువుగా చీల్చి, లోపలి వంకర దారిలో ఏముందో చూడండి. తెల్లటి పొర మీద నిమ్మరసం వేస్తే నురగ వచ్చిందా, అది మీ బోరు నీళ్ల సున్నం. అంటే నీళ్లే కాల్షియం మోసుకొస్తున్నాయి, పైన కొనిపోసే అవసరం అంతంతమాత్రమే. నురగ రాకపోతే అది ఎక్కువగా ఎరువు విరిగిన మడ్డి. జిగురుగా, నల్లగా ఉంటే నాచు, బాక్టీరియా. దానికి ఆమ్లం సరిపోదు, క్లోరిన్ శుద్ధి వేరుగా చేయాలి.

తెల్ల పొరకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడండి. లెక్క ఇలా: 10 లీటర్ల బోరు నీటిలో కొద్దికొద్దిగా ఆమ్లం కలుపుతూ పీహెచ్ కాగితం 4 చూపేదాకా ఎన్ని మి.లీ. పట్టిందో రాసుకోండి. ఉదాహరణకు 8 మి.లీ. పట్టిందనుకుందాం, అంటే లీటరుకు 0.8. ఒక వాల్వు కింద 5,000 డ్రిప్పర్లుంటే గంటకు 20,000 లీటర్లు, 15 నిమిషాలకు 5,000 లీటర్లు. కావలసిన ఆమ్లం 4 లీటర్లు. దాన్ని ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లతో పలుచన చేసి, వెంచురీ (ఎరువును పైపులోకి పీల్చే గొట్టం) ద్వారా ఆ 15 నిమిషాల్లో లాగేలా సరిచేయండి. చివరి డ్రిప్పర్ దగ్గర కాగితం 4 చూపాక మోటారు ఆపి 24 గంటలు కదపకండి. మర్నాడు ముందు సబ్‌మెయిన్ (లైన్లకు నీళ్లిచ్చే పెద్ద పైపు), తర్వాత లేటరళ్లు (డ్రిప్పర్లున్న సన్న పైపులు) ఫ్లష్ చేయండి. చివరి మూతలు ఒక్కసారే అన్నీ తీస్తే ఒత్తిడి పడిపోయి మడ్డి కదలదు. ఐదారు లైన్ల చొప్పున, నీరు తేటగా వచ్చేదాకా వదలండి.

ఎప్పుడూ నీళ్లలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఆ డ్రమ్ములో బ్లీచింగ్ పౌడర్ చుక్కయినా ఉండకూడదు, రెండూ కలిస్తే ప్రాణం తీసే విషవాయువు వస్తుంది.

ఈలోగా చివర చెట్లు వాడుతున్నాయని మోటారు గంటలు పెంచకండి. మొదటి చెట్ల వేర్లు నీళ్లలో నాని కుళ్లుతాయి, చివర దాహం మాత్రం తీరదు.

ఫిల్టర్‌కు ముందూ వెనకా ఉన్న ఒత్తిడి గేజీలు చూస్తున్నారా? తేడా చదరపు సెం.మీ.కు 0.5 కిలో దాటిందంటే వెంటనే కడగాలి. వారానికోసారి ఎలాగూ కడగాల్సిందే. వెంచురీ ఎప్పుడూ జాలి ఫిల్టర్‌కు ముందే ఉండాలి, కరగని ఎరువు అక్కడే ఆగుతుంది. చిరిగిన జాలి ఉన్నా లేనట్టే. డ్రిప్పు పెట్టిన రోజు నుంచి ఫిల్టర్ విప్పని చేలు చాలా ఉన్నాయి, ఆ తప్పుకు పంట మీద మందులు కుమ్మరిస్తున్నారు. బాధ అక్కడే.

ఇకపై భాస్వరం, సల్ఫేటు ఎరువులున్న రోజు కాల్షియం నైట్రేట్ వద్దు. రెండింటికీ కనీసం 2 రోజుల ఎడం ఇవ్వండి. ప్రతిసారీ ఎరువు అయ్యాక 20 నిమిషాలు ఉత్త నీళ్లు పారాలి. ఒక రోజు ముంచి మూడు రోజులు ఎండబెట్టకుండా, రోజూ కొద్దిగా ఇవ్వండి.

నల్లబడిన కాయలు మళ్లీ బాగుపడవు, కోసి తీసేయండి. శుద్ధి తర్వాత కట్టిన పిందెల్లో 2, 3 వారాలకు తేడా తెలుస్తుంది. మళ్లీ గ్లాసులు పెట్టండి. రెండుసార్లు శుద్ధి చేశాక కూడా చివరి గ్లాసులో 150 మి.లీ. దాటకపోతే ఆ లేటరల్ పైపు మార్చాల్సిందే.