వైఫై ఉండగా ఫోన్ ప్లాన్ ఎందుకన్న తమ్ముడికి

తమ్ముడూ, "అపార్ట్‌మెంట్లో వైఫై, క్యాంపస్‌లో వైఫై, ఇంకా నెలనెలా డాలర్లు పోసి ఫోన్ ప్లాన్ దేనికి?" అని అడిగావు. 2015 ఆగస్టులో అమెరికాలో, టెక్సస్‌లోని డెంటన్‌లో దిగినప్పుడు నేనూ అచ్చం ఈ లెక్కే వేశాను. అప్పుడు డాలరు దాదాపు 66 రూపాయలు. కాఫీ కప్పు కనబడినా 66తో గుణించేవాణ్ణి.

అందుకే అన్నిటికన్నా చవక ప్రీపెయిడ్ తీసుకున్నా, నెలకు 1 జీబీ. ఫోన్లో 'వైఫై కాలింగ్' కనబడింది. పేరులోనే వైఫై ఉంది కదా, ఫ్రీయే అనుకుని అమ్మ నంబరుకి నేరుగా కొట్టాను. అమ్మది బటన్ల ఫోను, వాట్సాప్ లేదు. పప్పుచారు ఎలా పెట్టాలో చెబుతోంది, చింతపండు ఎంతో చెప్పేలోపు కాల్ కట్. చూస్తే బాలెన్స్‌లో వేసుకున్న 10 డాలర్లూ ఖాళీ! మాట వైఫై మీద వెళ్లినా లెక్క కంపెనీదే, ఇండియా నంబరుకి ఇంటర్నేషనల్ రేటు పడుతుంది. 660 రూపాయల పప్పుచారు, అదీ చింతపండు లేకుండా. వాట్సాప్ కాల్ వేరు, దానికి డేటా తప్ప ఖర్చు లేదు. మీకు పుట్టుకతోనే తెలుసేమో, మేం డబ్బు కట్టి నేర్చుకున్నాం.

రెండో దెబ్బ ఇంకా దొంగది. రౌటర్ హాల్లో, నా మంచం చివరి గదిలో. రూమ్మేట్ మైక్రోవేవ్‌లో అన్నం పెట్టాడంటే నా కాల్ ముక్కలు ముక్కలు. ఆ పాత రౌటరూ మైక్రోవేవూ రెండూ వాడే తరంగాలు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే మరి. 5 గిగాహెర్ట్జ్‌లో ఆ గోల ఉండదు కానీ గోడలు దాటేసరికి సిగ్నల్ నీరసిస్తుంది. ఆ సెప్టెంబర్లో ఐఫోన్‌కి 'వైఫై అసిస్ట్' వచ్చింది. వైఫై బలహీనపడగానే ఫోన్ తనంతట తానే సెల్ డేటాకి మారుతుంది. పైన గుర్తు మారుతుంది గానీ ఎవరు చూస్తారు? మంచం మీద వైఫైలోనే సినిమా చూస్తున్నాననుకున్నా. పది రోజుల్లో నెల డేటా హుష్. ఆ వైఫై అసిస్ట్ సెట్టింగ్స్‌లో సెల్యులార్ కింద అడుగున ఉంటుంది, ముందు దాన్ని ఆపు.

అయినా ప్లాన్ తీసుకో. ఇంటర్న్‌షిప్ వాళ్లు నువ్వు బస్సులో ఉన్నప్పుడే ఫోన్ చేస్తారు, అక్కడ నీ అపార్ట్‌మెంట్ వైఫై రాదు. ఒక్కడివే తీసుకోకు. సీనియర్ల ఫ్యామిలీ ప్లాన్‌లో ఓ లైన్ అడుగు, తలకు పడేది బాగా తగ్గుతుంది. నీ వాటా మాత్రం ఒకటో తారీఖుకల్లా పంపు, బిల్లు వాళ్ల పేరు మీద ఉంటుంది. వైఫై కాలింగ్ ఆన్ చేస్తే 911 (అక్కడి ఎమర్జెన్సీ నంబరు) కోసం అడ్రసు అడుగుతుంది, సరిగ్గా ఇవ్వు. ఫోన్ అన్‌లాక్ (వేరే కంపెనీ సిమ్ కూడా పనిచేసేలా చేయడం) సంగతి, ఇండియా సిమ్‌కి ఓటీపీల సంగతి ఆయా కంపెనీల సైట్లలో చూసుకో.

ఫ్లైట్ ఎక్కే ముందే ఇండియా సిమ్‌లో డేటా రోమింగ్ ఆపెయ్. దోహా మీదుగా వస్తున్నానన్నావు కదా, ఎయిర్‌పోర్టులో ఫ్రీ వైఫై ఉంది. "దిగాను నాన్నా" అని మెసేజ్ పెట్టడానికి అది చాలు.