మంచి విమానాలు కొంటే చాలదా, మనుషుల శిక్షణకు అంత ఖర్చు ఎందుకు?

రఫేల్ లాంటి విమానం చేతిలో ఉంటే నడిపేవాడు ఎవరైతే ఏంటి అని అడిగారు. మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి దగ్గర పల్లె. ఇంటర్ అయ్యాక ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌మన్‌గా చేరి, 20 ఏళ్లు ఇంజిన్ ఫిట్టర్‌గా చేశాను. అందుకే పైలట్ల కంటే కింద పనిచేసేవాళ్ల గురించే ఎక్కువ చెబుతాను.

బెళగావిలో డ్రిల్లు, ఆ తర్వాత ట్రేడ్ ట్రైనింగ్, అంటే నాకిచ్చిన ఇంజిన్ పనిలో శిక్షణ. పాసై యూనిట్‌కి వెళ్తే నన్ను ఇంజిన్ మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. టూల్స్ అందించడం, పక్కన నిలబడి చూడడం, అంతే. చేసిన పనికి నేనే సంతకం పెట్టే రోజు రావడానికి ఏళ్లు పట్టింది.

ఒక రాత్రి పని ముగించి టూల్స్ లెక్కపెడితే ఒక స్క్రూడ్రైవర్ బిట్ తక్కువొచ్చింది. వేలెడంత కూడా ఉండదు. కానీ అది జెట్ ఇంజిన్‌లోకి పోతే బ్లేడ్లు విరుగుతాయి, పైలట్ ప్రాణం మీదికొస్తుంది. దొరికేదాకా ఆ విమానం ఎగరకూడదు. తెల్లవారితే ఫ్లయింగ్ ఉంది. పోగొట్టింది నేనే. టెన్షన్‌తో చేతులు వణుకుతుండగా వెళ్లి సార్జెంట్ గారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. టార్చిలైట్ తీసుకుని నాతోపాటే విమానం కిందికి దూరారు. రెండు గంటలకు ఒక ప్యానెల్ సందులో దొరికింది. "భయపడి దాచి ఉంటే ఏమయ్యేదిరా?" అని మాత్రం అడిగారు. తర్వాత నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి కుర్రాడికీ మొదటిరోజే ఈ సంగతి చెప్పేవాణ్ణి.

పైలట్ల మాటకొస్తే జపాన్‌ని చూడండి. 1941లో వాళ్ల నౌకాదళ పైలట్లు మేటి. కానీ అనుభవం ఉన్నవాళ్లను చనిపోయేదాకా యుద్ధంలోనే ఉంచేశారు. అమెరికా అలాంటివాళ్లను వెనక్కి పిలిచి కొత్తవాళ్లకు నేర్పించింది. పెట్రోలు కొరతతో జపాన్‌లో ట్రైనింగ్ గంటలు కూడా తగ్గిపోయాయి. 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్రం మీద పోరు జరిగేసరికి వాళ్లకు విమానాలున్నాయి, పండిన పైలట్లు లేరు. రెండు రోజుల్లో వందల విమానాలు కూలిపోయాయి. అప్పటికి అమెరికా విమానాలు, రాడార్లు మెరుగే, కాదనను. కానీ నేర్పేవాళ్లు మిగలకపోవడం జపాన్‌ని ఇంకా ఎక్కువ దెబ్బతీసిందని నా అభిప్రాయం.

మీరన్న రఫేల్ సంగతీ అంతే. 2020 జులై 29న మొదటి 5 విమానాలను ఫ్రాన్స్ నుంచి అంబాలాకు నడిపి తెచ్చింది మన పైలట్లే. అంతకుముందే మనవాళ్లు, టెక్నీషియన్లతో సహా, అక్కడికి వెళ్లి నేర్చుకున్నారు.

ఇప్పుడు మా ఊరి రోడ్డు మీద సైన్యంలో చేరాలని తెల్లవారకముందే పరుగు ప్రాక్టీసు చేసే పిల్లల్ని చూస్తుంటే నాకు ఒకటే దిగులు. 2022లో వచ్చిన అగ్నిపథ్ (సైన్యంలోకి నాలుగేళ్లకు తీసుకునే పథకం) నియమం ప్రకారం నాలుగేళ్లయ్యాక నూటికి 25 మందికి మించి ఉంచరు. నాకు పని మీద గట్టి నమ్మకం కుదిరేసరికే నాలుగేళ్లు దాటింది. కనీసం టెక్నికల్ ట్రేడుల్లోనైనా ఆ 25ని పెంచాలి.