ఎర్ర వలయం కోసం ఎదురుచూడకండి

ప్రశ్న: వేసవికి మా అమ్మానాన్నలు అమెరికా వస్తున్నారు. ఇంటి వెనుకంతా చెట్లే. పిడుదు కుడితే ఒంటి మీద ఎర్రటి వలయం వస్తుందంటారు కదా, అది రాకపోతే పిడుదుల వల్ల వచ్చే లైమ్ వ్యాధి లేనట్లేనా?

లేనట్లు కాదు. ఆ వలయాన్ని నమ్ముకుంటే మన ఒంటి రంగు వాళ్లు మోసపోతారు. మేముండేది కనెక్టికట్‌లో. ఈ జబ్బుకు పేరిచ్చిన లైమ్ పట్టణం మా ఇంటి నుంచి కారులో గంట లోపే. ఆ చుట్టుపక్కల పిల్లలకు వరసగా మోకాళ్లు వాస్తుంటే, పాలీ మర్రే అనే తల్లి మాటను డాక్టర్లు చాలాకాలం కొట్టిపారేశారు. 1975లో ఆమె ఆరోగ్యశాఖ వెంటపడ్డాకే విచారణ మొదలైంది. ఈ జబ్బు చరిత్రే అలా ఉంది, మొండిగా అడిగినవాళ్లకే వైద్యం.

మా మామగారు తెనాలి దగ్గర పల్లెలో పాడి చేసిన మనిషి. ఇక్కడికి వస్తే చేతులు ఊరుకోవు. దొడ్డి చివర చెట్ల మొదళ్లలో కుళ్లిన ఆకును ఎత్తి చిక్కుడు పాదులకు వేశారు, అదీ లుంగీ మోకాళ్ల పైకి ఎగగట్టి. పిడుదులు కాచుకుని ఉండేది సరిగ్గా అలాంటి చోటే. "మామయ్యగారూ, ప్యాంటు వేసుకుని అంచులు మేజోళ్లలో దూర్చుకోండి" అంటే నవ్వారు. "గేదెల చెవుల్లోంచి గోమార్లు పీకిన చేతులమ్మాయ్ ఇవి" అన్నారు. గేదెకు పట్టిన గోమారి చేతికి తగులుతుంది. ఇక్కడి పిల్ల పిడుదు గసగస గింజంత. కుట్టినా నొప్పి తెలియదు. మే నుంచి జూలై దాకా మనుషులకు జబ్బు అంటించేవి ఎక్కువగా ఇవే.

ఒక సాయంత్రం మా అత్తగారు ఆయన కాళ్లకు నూనె రాస్తూ నన్ను కేకేశారు. మోకాలి వెనుక అరచేయంత మచ్చ. ఎరుపు కాదు, వలయం అంతకన్నా కాదు. చామనఛాయ మీద కమిలిన ఊదారంగు, అంచు కాస్త ముదురు. ముట్టుకుంటే కొంచెం వెచ్చగా ఉంది. పిడుదును ఎవరూ చూడలేదు. తోపుడు బండి తగిలి ఉంటుందని మామగారి తీర్పు. క్లినిక్‌లో కుర్ర డాక్టరుదీ ఇంచుమించు అదే తీర్పు. తెల్లటి తొడ మీద ఎర్రటి వలయమున్న ఫొటో ఒకటి చూపించి, ఇలా లేదు కదా అని దురద మందు రాసి పంపాడు.

ఇంటికి వచ్చి పెన్నుతో మచ్చ అంచు చుట్టూ గీత గీశాను. మర్నాడు పొద్దుటికి మచ్చ గీత దాటింది. మళ్లీ గీశాను, మళ్లీ దాటింది. దెబ్బకు కమిలినది ఇలా రోజురోజుకూ పెరుగుతుందా? ఈలోగా సన్న జ్వరం, మెడ నొప్పి మొదలయ్యాయి. ఫొటోలన్నీ పట్టుకుని వేరే డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాం. ఆవిడ ఆ గీతలు చూసి, రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండానే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. ఫలితం తర్వాత నెగటివ్ అనే వచ్చింది. మొదటి వారాల్లో అలా రావడం మామూలేనట. ఆ పరీక్ష వెతికేది క్రిమితో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను, అవి తయారు కావడానికి కొన్ని వారాలు పడుతుంది.

మందుతో పాటు ఇంట్లో పెరుగు గొడవ మొదలైంది. పాలు, పెరుగు ఆ మాత్రను ఒంటికి పట్టనివ్వవు, ఎడం పాటించాలని మందుల షాపులో చెప్పారు. పెరుగన్నం లేని భోజనం భోజనమే కాదని మామగారు. పైగా ఆ మందు వాడుతున్నన్నాళ్లూ ఎండలోకి వెళ్లొద్దన్నారు. చిక్కుడు పందిరిని కిటికీలోంచి చూస్తూ నా మీద విసుక్కునేవారు. మచ్చ మాత్రం మాయమైంది.

మచ్చ వచ్చేదే పదిమందిలో ఏడెనిమిది మందికి, అందులో గురిచక్రంలా కనిపించేది కొందరికే. అయినా ఎక్కడ చూసినా అదే ఫొటో, అదీ తెల్ల చర్మం మీద. ఇక్కడి మనవాళ్లలో చాలామంది ఇది వచ్చిందని తెలియక, మోకాళ్ల వాపును వయసు మీద నెట్టి నొప్పి మాత్రలు మింగుతున్నారని నా గట్టి నమ్మకం. దీనికి లెక్క మాత్రం నా దగ్గర లేదు. వదిలేస్తే కొందరికి మూతి వంకర పోతుంది, కొందరికి గుండె లయ తప్పుతుంది.

మా కాలనీ వాళ్లు జింకల మీద పగబట్టారు. జింకలు పిడుదులను మేపుతాయి, నిజమే, కానీ ఆ పిడుదులకు ఈ క్రిమిని అంటించేది ప్రధానంగా తెల్లకాళ్ల ఎలుకలు. ఎలుకల గురించి సమావేశంలో ఎవరూ మాట్లాడరు. పక్కింటి కుక్కకేమో ఏటా లైమ్ టీకా పడుతుంది. మనుషులకు 1998లో వచ్చిన టీకాను కొనేవాళ్లు తగ్గిపోయారని 2002లో కంపెనీయే ఆపేసింది.

మీ అమ్మానాన్నలు దొడ్లోంచి రాగానే బట్టలు విప్పించి డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పండి. మోకాళ్ల వెనుక, చంకలు, గజ్జలు, జుట్టు కుదుళ్లు వెతకమనండి. పిడుదు కనిపిస్తే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. అగ్గిపుల్లతో కాల్చడం, వాజలిన్ పూయడం వంటి వాట్సాప్ వైద్యాలు వద్దు. సాధారణంగా 24 గంటలకు పైగా అంటుకుని ఉంటేనే క్రిమి ఎక్కుతుంది. బాగా రక్తం తాగి ఉబ్బి ఉంటే, తీసిన 72 గంటల లోపు డాక్టర్ని కలిస్తే ఒక్క మోతాదు మందుతో సరిపెట్టే అవకాశం ఉంది.

ఇక సందర్శకుల బీమా. పరీక్ష నెగటివ్ కాబట్టి జబ్బే లేదు, జబ్బు లేదు కాబట్టి డబ్బు లేదని మా బీమా కంపెనీ వాదన. వాళ్లతో ఇంకా ఉత్తరాలు నడుస్తున్నాయి. దాని గురించి ఎవరైనా వేరే ప్రశ్న వేస్తే రాస్తాను, ఇక్కడ చోటు చాలదు.