బార్తెల్ స్కోరు ఆసుపత్రిలో 55, ఇంట్లో 75: తేడా ఎక్కడ వస్తుంది?

పక్షవాతం వచ్చిన మీ నాన్నగారికి ఫిజియోథెరపిస్టు బార్తెల్ స్కోరు (రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటున్నారో చూపే అంకె) 55 వేశారు, మీరు ఇంట్లో అదే కాగితం మీద లెక్కేస్తే 75 వచ్చింది, ఎవరిది తప్పు అని అడిగారు. బహుశా మీరు ప్రతి పని దగ్గరా ‘నాన్న చేసుకోగలరా?’ అని ఆలోచించి మార్కులు వేసి ఉంటారు. ఈ కొలత అడిగేది అది కాదు. నిన్నా మొన్నా ఆ పని నిజంగా ఎవరు చేశారన్నదే అడుగుతుంది.

మహోనీ, బార్తెల్ 1965లో ప్రచురించిన పద్ధతి ఇది. పది పనులు, ఐదేసి మార్కుల మెట్లు, మొత్తం 100. వాటిలో నాలుగు తీసుకోండి: బట్టలు, మరుగుదొడ్డి, మంచం మీంచి కుర్చీలోకి మారడం, నడక. ఈ నాలుగింటిలో ఒక్కో మెట్టు ఎక్కువ వేస్తే చాలు, మీ 20 తేడా వచ్చేస్తుంది.

ఎక్కువమంది పొరబడేది నడక దగ్గర. చేతికర్రతో అయినా సరే, ఒక్కరే దాదాపు 45 మీటర్లు నడిస్తే 15. మీరు చెయ్యి వేయకుండా “గడప ఉంది, చూసుకో నాన్నా” అంటూ వెనకాలే వెళ్తుంటే 10 మాత్రమే. పక్కన మనిషి ఉండాల్సి వస్తే అది సాయమే.

ఇక భోజనం. అసలు ఫారంలో మాంసం కోసుకోవడం, వెన్న రాసుకోవడం ఉంటాయి. మన పళ్లెంలో దానికి సాటి పప్పన్నం కలుపుకోవడం, చపాతీ తుంచుకోవడం, చేప ముల్లు తీసుకోవడం. మీరు కలిపిపెడితే ఆయన ముద్ద నోట్లో పెట్టుకుంటారా, అయితే 5. ఎడమచేత్తో స్పూను పట్టుకుని అంతా తనే కానిచ్చుకుంటే 10. వండి వడ్డించినందుకు మార్కు తగ్గదు.

స్నానానికి మధ్య మెట్టు లేదు. వీపు మీరు రుద్దుతుంటే 0. మనసుకు కష్టంగా ఉన్నా అంతే వేయండి, లేకపోతే మూడు వారాల తర్వాత నిజంగా మెరుగైనప్పుడు ఆ మార్పు కాగితం మీద కనపడదు.

మూత్రం, విరేచనం సంగతి ఒక్కరోజు చూసి తేల్చకండి, వారం చూడండి. పగలు బాగానే ఉండి రాత్రి పక్క తడుస్తుంటే అదీ లెక్కే, కాబట్టి రాత్రి దగ్గర పడుకునేవాళ్లను అడగండి. కాథెటర్ (మూత్రం గొట్టం) ఉండి దాన్ని తనంతట తను చూసుకోలేకపోతే 0.

ఇంకో మాట. 100 వచ్చినా ఒంటరిగా వదిలేయొచ్చని కాదు. మాత్రలు వేళకు వేసుకోవడం, వంట, డబ్బు లెక్క, ఫోను, జ్ఞాపకశక్తి ఇందులో లేనేలేవు. వీటిలో చాలావాటికి 1969 నాటి లాటన్ స్కేలు విడిగా ఉంది.

ఈసారి వెళ్లినప్పుడు మొత్తం అంకె ఒక్కటే కాకుండా పది పనుల మార్కులూ విడివిడిగా రాసిమ్మని అడగండి. ఆ 55, మెట్లు ఎక్కడం దగ్గర తగ్గి వచ్చిందా, మూత్రం దగ్గరా అన్నదాన్ని బట్టే ఇంట్లో ఏం మార్చాలో తెలుస్తుంది.